పేరు లేని త్రిభుజం: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

మే నెలలో జగిత్యాల వెళ్తున్నానంటే మా క్లాసు వాళ్ళు రెండే ప్రశ్నలు అడిగారు. ఎండలో మాడటానికా, అడవిలో అన్నల్లో కలవడానికా అని. ఆ రోజుల్లో హైదరాబాదులో కరీంనగర్ జిల్లా పేరెత్తితే అంతకుమించి ఎవరికీ ఏమీ గుర్తొచ్చేది కాదు. పేపర్లో రోజూ ఎన్‌కౌంటరో, మందుపాతరో, తగలబడ్డ బస్సో. నేను వెళ్ళింది మాత్రం కెరీర్ గైడెన్స్ కోసం. నవ్వకండి.

ఎమ్మే ఆంథ్రోపాలజీ ఆఖరి పరీక్షలు అయిపోయాయి. వచ్చే సోమవారం ఉదయం పదిన్నరకు యూనివర్సిటీలో ఎంఫిల్ ఇంటర్వ్యూ. అదే సోమవారం పొద్దున తొమ్మిదికి బేగంపేటలో ఒక కాల్ సెంటర్లో చేరాలి, ఉద్యోగం వచ్చేసింది. రెండిట్లో ఒకటే కుదురుతుంది. మా నాన్న బ్యాంకులో క్యాషియర్. ఆయన ఒకటే మాట పట్టుకున్నారు: "ఈ చదువు మీద బతుకుతున్న మనిషిని ఒక్కణ్ణి చూపించు, నేను నోరు మూసుకుంటాను." నాకు కోపం ఆగదు, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. "ముగ్గుర్ని చూపిస్తా" అని అరిచి, మా ప్రొఫెసర్ దగ్గర ముగ్గురు సీనియర్ల చిరునామాలు రాసుకుని బస్సెక్కాను. చేతిలో కొత్త సెల్‌ఫోన్. కిటికీలోంచి చూడాల్సిన సగం దారి అందులో పాము ఆట ఆడుతూ గడిపేశాను, అది ఒప్పుకోవాలి.

జగిత్యాల

బస్సు దిగగానే మామిడికాయల వాసన. స్టాండు బయట లారీల వరస, గడ్డి పరిచిన పెట్టెలు, వాటి మధ్య పడుకున్న హమాలీలు. హైదరాబాదులో డజను లెక్కన కొనే పండ్లు ఇక్కడ గంపలెక్కన కొంటున్నారు. ఒకావిడ పాతిక రూపాయలకు ఒక చిన్న గంపే ఇస్తానంది. మోసుకుని ఎక్కడికి పోను, రెండు పండ్లు చాలన్నాను. జాలిగా చూసి ఆ రెండూ ఊరికే ఇచ్చింది.

రవీందర్ అన్న సర్కారు హాస్టల్ వార్డెన్. గ్రూప్ పరీక్షలో ఆంథ్రోపాలజీనే ఆప్షనల్‌గా రాసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. సెలవులు కాబట్టి హాస్టల్ ఖాళీగా ఉంది. మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాళ్ళావిడ సర్వపిండి చేసి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె లోపలే అద్ది కాలుస్తారు. మా ఇంట్లో ఇలాంటిది ఎన్నడూ చేయలేదు, నాలుగు తిన్నాను.

ఆయన చదివిన చదువుతో చేస్తున్న పనేమిటని అడిగాను. చాలాసేపు చెప్పాడు. ఏ ఊరి పిల్లలు ఏ పండుగకు తప్పకుండా ఇంటికి పారిపోతారో ముందే తెలుసుకుని ఆ రెండు రోజులు తనే సెలవిస్తాడట. పక్కపక్కన తినని పిల్లల్ని నెల రోజుల్లో ఒకే బంతిలో కూర్చోబెట్టాడట. ఇవేవీ ఏ రిజిస్టర్లోనూ రాయరని నవ్వాడు. పుస్తకాలు చదవడం మానేశానని చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

"గవర్నమెంట్ నౌకరి మంచిదే చెల్లే. గని నువ్వు కోరుట్లకు పోయి సుజాతను చూడు. నేను వదిలేసింది ఆమె చేస్తుంది" అన్నాడు.

పొద్దుగూకే ముందే బస్సెక్కమని తొందర పెట్టాడు. చీకటి పడితే ఆ రోడ్డులో బస్సులు నడవవు. మా ఊళ్ళో రాత్రి పదకొండుకు కూడా మిర్చి బజ్జీకి బయటికి వెళ్తాం. ఇక్కడ ఐదింటికే జనం ఇంటి దారి పడుతున్నారు. ఆ తేడా అడుగడుక్కీ తెలుస్తోంది.

కోరుట్ల

కోరుట్లలో పసుపు కొమ్ముల బస్తాలు, బంగారం దుకాణాలు, విమానం బొమ్మ వేసిన ట్రావెల్స్ బోర్డులు. ప్రతి మూడో ఇంటి నుంచి ఒకరు మస్కట్లోనో దుబాయ్‌లోనో ఉన్నారని సుజాతక్క చెప్పింది. అక్క పీహెచ్‌డీ దాని మీదే. మగవాళ్ళు గల్ఫ్ పోతే ఇంట్లో చుట్టరికాలు ఎలా మారతాయి, ఎవరి మాట చెల్లుతుంది, పిల్లల పెళ్ళిళ్ళు ఎవరు కుదురుస్తారు, ఇదీ ఆమె ప్రశ్న. స్టాండు వెనక ఒక గది. చాప, కిరసనాయిలు స్టవ్వు, లావుపాటి రూళ్ళ పుస్తకం. అంతే ఆమె ఆస్తి.

ఆ పుస్తకం చూపించింది. నాలుగు నెలల పని. ప్రతి ఇంటికి ఒక పేజీ. మగవాళ్ళకు త్రిభుజం, ఆడవాళ్ళకు గుండ్రం, పెళ్ళికి రెండు గీతలు, చనిపోయినవాళ్ళ మీద అడ్డంగా ఒక గీత. వెనక ఊరి పటం, ఇళ్ళకు నంబర్లు. క్లాసులో మేమూ వేశాం, మా ఇంటివాళ్ళవీ మా స్నేహితులవీ. ఇక్కడ ఒక ఊరు ఊరంతా ఉంది. ఇంకో కాపీ లేదు. ఫెలోషిప్ జూలైతో అయిపోతుంది, ఈలోగా మొదటి అధ్యాయం గైడుకి ఇవ్వాలి.

ఊళ్ళోవాళ్ళు ఆమెకు పెట్టిన షరతు ఒకటుంది. పుట్టిందీ పెళ్ళయిందీ పోయిందీ రాసుకో, ఎవరింటికి ఎవరొచ్చిపోతారో మాత్రం రాయొద్దు అని. రెండు వైపుల నుంచీ వాళ్ళకు భయమే. రాత్రి ఒకరు వచ్చి అన్నం అడుగుతారు, పొద్దున ఇంకొకరు వచ్చి ఎవరికి పెట్టావని అడుగుతారు. అక్క ఆ మాట తప్పలేదు. పుస్తకం తన చేతిలోంచి బయటికి పోదని కూడా వాళ్ళకు చెప్పింది.

అది పోయింది. నా వల్ల.

కథలాపూర్ దారిలో ఒక ఊరు

మర్నాడు నన్నూ వెంట తీసుకెళ్ళింది. షేర్ ఆటోలో పదకొండు మందిమి, డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు. ఊరి మొదట్లో చనిపోయిన అన్నల పేర కట్టిన ఎర్ర రంగు స్తూపం ఒకటి, సగం కూలి ఉంది. దాని వైపు ఎవరూ చూడరు, నేను తలతిప్పి చూస్తే అక్క గిల్లింది.

మాదిగ వాడలో ఒక ఇల్లు నాకు అప్పజెప్పి, అక్క వెనక ఇంటికి వెళ్ళింది. నాకు దొరికిన మనిషి నర్సవ్వ. ముప్పై ఏళ్ళుంటాయి. చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. వేళ్ళు ఆగవు, నోరూ ఆగదు. అత్త, మామ, ముగ్గురు మరుదులు, ఆడబిడ్డ ఇచ్చిన ఊరు, పురిట్లో పోయిన తోడికోడలు, అన్నీ వరసగా చెప్పేసింది. నాకు గర్వంగా ఉంది. పేజీ నిండిపోతోంది. మధ్యలో ఒక త్రిభుజం మిగిలింది, ఆమె భర్త.

పేరేంటని అడిగాను. మస్కట్లో ఉన్నాడంది. సరే, పేరు? మూడేళ్ళయింది పోయి అంది. పేరు చెప్పమ్మా అన్నాను. చేటలోకి చూస్తూ నవ్వింది. నాకు అర్థం కాలేదు. నాలుగోసారి అడిగేసరికి నా గొంతు పెరిగింది, ఆమె నవ్వు ఆగిపోయింది. విసుగొచ్చి ఆ త్రిభుజంలో పెద్ద ప్రశ్నార్థకం పెట్టి పుస్తకం మూసేశాను.

మధ్యాహ్నం మూడింటికి కాల్ సెంటర్ వాళ్ళు ఫోన్ చేస్తామన్నారు. ఊళ్ళో సిగ్నల్ లేదు. ఫోను పైకెత్తి దిబ్బల మీద తిరుగుతుంటే నర్సవ్వ అత్త నన్ను చూసి కోళ్ళను లోపలికి తోలింది. నేను ముందే కోరుట్ల వెళ్ళిపోతానని అక్కతో అన్నాను. పుస్తకం ఇస్తే ఇవాళ్టి పేజీలు గదిలో కూర్చుని ఫెయిర్ చేస్తానని నేనే అడిగాను. అక్క సంచిలోంచి పుస్తకం తీసింది. పొద్దున్నుంచీ ఎండలో తిరిగి అలిసిపోయి ఉంది. ఇచ్చింది.

రెండు కిలోమీటర్లు కూడా పోలేదు. రోడ్డుకు అడ్డంగా కట్టె, పోలీసులు. ఆటో ఆపి అందర్నీ దింపారు. నా సంచిలో పుస్తకం దొరికింది. ఎస్సై కుర్రవాడు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. పేజీలు తిప్పుతుంటే అతని మొహం మారిపోయింది. పేర్లు, పేర్ల మీద అడ్డగీతలు. వెనక ఊరి పటం, ఇళ్ళకు నంబర్లు.

ఈ కొట్టేసినవాళ్ళెవరని అడిగాడు. చచ్చిపోయినవాళ్ళని చెప్పాను. ఆ మాట అక్కడ అంత తేలిగ్గా అనకూడదని అన్నాక తెలిసింది. ఇళ్ళ పేజీల్లో చివరిదానికి వచ్చాడు. గీత లేదు, పేరు లేదు, ప్రశ్నార్థకం.

"గీడెవడు? పేరెందుకు దాసినవ్?"

మామూలు మనిషయితే నెమ్మదిగా చెప్పేది. నాకు ఎండ, ఆకలి, మూడయిపోతోందన్న కంగారు. మీకు ఆంథ్రోపాలజీ అంటే ఏంటో తెలుసా అసలు అని గట్టిగానే అడిగాను. పక్కన ఉన్న ప్రయాణికులు రెండడుగులు వెనక్కి జరిగారు.

"తెల్వది" అన్నాడు అతను, గొంతు పెంచకుండానే. "తెల్వనిది సంచిల ఏసుకొని తిరుగుతుంటే అడుగుడే నా పని. ఎక్కు జీపు."

బెంచీ మీద

ఠాణా చిన్నది, చుట్టూ ఇసుక బస్తాలు, కిటికీలకు వల. ఏ ఊరిదో చెప్పను. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నీళ్ళిచ్చారు, బెంచీ చూపించారు. భయం అక్కడ కూర్చున్నాక మొదలైంది. నా కోసం కాదు, ఆ బల్ల మీద ఉన్న పుస్తకం కోసం. దాన్ని రిపోర్టుతో కలిపి పైకి పంపుతానంటున్నాడు ఎస్సై. పైకి పోయింది జూలైలోపు తిరిగి రాదు. అక్క నాలుగు నెలలు, అక్క ఊరివాళ్ళకు ఇచ్చిన మాట, రెండూ నా నోటి వల్ల ఆ బల్ల మీద ఉన్నాయి.

ఫోన్ కూడా తీసుకున్నాడు. అందులో పేర్లు ఒక్కొక్కటే చదివాడు. రవీందర్ అన్న, వేణు అన్న, సుజాత అక్క. తల ఎత్తి నన్ను చూశాడు. "గీ అన్నలంత ఎవలు?" అన్నాడు. సీనియర్లు సార్ అన్నాను. ఇది చెప్తుంటే మా స్నేహితులు పడీపడీ నవ్వుతారు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. చివరి పేజీ అతనూ చూశాడు. ఈ ప్రశ్నార్థకం పెట్టిన ఇంట్లో నాతో మాట్లాడింది ఎవరని అడిగాడు. భార్య అన్నాను. ఆయన "అట్లనా" అని ఊరుకున్నాడు.

గంటన్నర గడిచాక సుజాతక్క వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఆటో డ్రైవర్ వెనక్కి వెళ్ళి ఊళ్ళో చెప్పాడట. వెనక నర్సవ్వ, కొంగు తల మీదికి లాక్కుని. పనాపి వచ్చింది. బీడీలు చుట్టే మనిషికి ఒక మధ్యాహ్నం కూలి పోవడమంటే ఏమిటో నాకు అప్పటికి తెలుసు. అక్క నా వైపు చూడలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. యూనివర్సిటీ ఉత్తరం బల్ల మీద పెట్టి, గీతలు పడినవాళ్ళు ఎవరెవరు ఎలా పోయారో నెమ్మదిగా చెప్పింది. ఇతను ముసలితనంతో, ఈమె కాన్పులో, ఈ పిల్లవాడు జ్వరంతో, ఇతను తాటిచెట్టు మీంచి పడి. ఎస్సై వింటూ వేలితో ఒక్కొక్క గీతా తాకుతూ పోయాడు. వేలు చివరి పేజీ మీద ఆగింది.

"నీ పెనిమిటి పేరు జెప్పు" అన్నాడు నర్సవ్వతో.

ఆమె మాట్లాడలేదు. మళ్ళీ అడిగాడు. ఆమె నేల చూసింది. చెప్పేసెయ్ నర్సవ్వా, అని నేను లోపల్లోపల బతిమాలుతున్నాను. ఒక్క పేరు, అంతే, పుస్తకం మనదవుతుంది. ఆమె చెప్పదు. ఎస్సై కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. నేనూ లేచాను.

అప్పుడు హెడ్ కానిస్టేబుల్ నోరు తెరిచాడు.

"ఆమె చెప్పది సార్. మా ఇంట్లామె ముప్పై ఏండ్ల సంది నా పేరు వలుకలే. రేషన్ కార్డు సార్ అడిగితే నన్ను డ్యూటీల కెల్లి పిలిపిచ్చింది."

అని నర్సవ్వ వైపు తిరిగి, ఉత్తరమేమన్నా ఉందా బిడ్డా అన్నాడు. ఆమె అప్పటికే రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ సంచి తీస్తోంది. పేరు అడుగుతారని ముందే తెలుసు ఆమెకు, అందుకే తెచ్చుకుంది. లోపల మస్కట్ ముద్ర ఉన్న కవరు, పాస్‌పోర్టు జిరాక్సు. రెండు చేతులతో పట్టుకుని ఎస్సై ముందు పెట్టింది. అతను చదివాడు, బయటికే: గంగరాజం. పేరు వినబడగానే నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో సిగ్గుపడిందో.

ఎస్సై కూర్చున్నాడు. కవరునీ జిరాక్సునీ పక్కపక్కన పెట్టి చూశాడు. "గిది రోడ్డు మీద్నే చెప్తే అయిపోవు గదమ్మా" అన్నాడు నాతో. నాకు తెలియదు సార్ అన్నాను. అది నిజం. రెండేళ్ళు చుట్టరికాల పాఠం చదివాను, భర్త పేరు పలకకపోవడం గురించి పరీక్షలో వ్యాసం రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎదురుగా వచ్చి కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను. అసలు మా అమ్మ మాత్రం ఏం చేస్తుంది? మా నాన్నను "ఇదిగో" అంటుంది, పక్కింటివాళ్ళతో "మా వారు" అంటుంది. ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో ఉండి నేనది వినలేదు.

పుస్తకం అక్క చేతికిచ్చాడు. పటం ఉన్న పేజీ మాత్రం తీసేసి వెళ్ళమన్నాడు. అక్క తనే చింపి, అక్కడే కాల్చేస్తానంది, అగ్గిపెట్టె అడిగింది. హెడ్ కానిస్టేబుల్ ఇచ్చాడు. పటం మళ్ళీ గీసుకోవచ్చు. నేను వెళ్ళి మళ్ళీ ఆ బెంచీ మీదే కూర్చున్నాను.

టీ తెప్పించారు. అప్పుడు హెడ్ కానిస్టేబుల్ నా పక్కన కూర్చుని, వాళ్ళమ్మాయి డిగ్రీ అయిపోయిందనీ, ఈ చదువు చదివితే ఏం ఉద్యోగం వస్తుందనీ అడిగాడు. నేను ఊరూరా తిరిగి అడుగుతున్న ప్రశ్న నన్నే అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. ఎంఫిల్, పీహెచ్‌డీ చేస్తే కాలేజీలో పాఠాలు చెప్పొచ్చు. గ్రూప్స్, సివిల్స్ రాయొచ్చు. గిరిజన సంక్షేమంలో, మ్యూజియంలో, జనాభా లెక్కల ఆఫీసులో పోస్టులు పడతాయి, తక్కువే. ఆరోగ్య ప్రాజెక్టుల్లో తీసుకుంటారు. ఎముకలు చూసి మనిషి ఆడా మగా, వయసెంత అని చెప్పే శాఖ కూడా ఉంది. ఎస్సై తల ఎత్తాడు. నిజంగా చెప్తారా అన్నాడు. చెప్తారు సార్ అన్నాను.

"జీతం?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

తొందరగా రాదన్నాను. వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు ఓపిక పట్టాలన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "మరి నువ్వేం జేస్తవ్ బిడ్డా?" అన్నాడు. అక్క కూడా నా వైపు చూసింది, అప్పుడే మొదటిసారి. ఇంకా తేల్చుకోలేదని చెప్పాను.

బయటికొచ్చాక అక్క పెన్ను నా చేతికిచ్చి పేజీ తెరిచింది. ప్రశ్నార్థకం కొట్టేసి పేరు రాశాను. నర్సవ్వ వంగి చూసింది. ఆమెకు చదువు రాదు.

"గిండ్ల మా ఆయిన యాడున్నడు?"

చూపించాను. ఆ త్రిభుజం మీద వేలు పెట్టింది. పక్కనున్న గుండ్రం తనదేనా అని అడిగింది. అవునన్నాను. పొద్దున గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకని చెప్పాను. నువ్వు చిన్నపిల్లవు, నీకేం తెలుసని అంది. ఆటో ఎక్కేముందు నా నెత్తి నిమిరింది, తంబాకు వాసన రాత్రి దాకా పోలేదు.

సిరిసిల్ల

మర్నాడు వేములవాడ మీదుగా సిరిసిల్ల. ఊళ్ళో అడుగుపెట్టకముందే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఇల్లిల్లూ మరమగ్గమే. మొదటి గంట తల పగిలిపోయింది, రెండో గంటకు అలవాటైంది, కరెంటు పోయి అన్నీ ఒక్కసారి ఆగినప్పుడు ఏదో తప్పు జరిగినట్టనిపించింది.

వేణు అన్న ఒక ఆరోగ్య ప్రాజెక్టులో పని చేస్తున్నాడు. మగ్గాల దగ్గర పన్నెండు గంటలు నిలబడేవాళ్ళ ఎత్తు, బరువు, ఊపిరి కొలుస్తాడు. ఒక పెద్దాయనకు ఊదడానికి గొట్టం ఇస్తే, గిదేంది సార్ పెండ్లిల సన్నాయా అన్నాడు. ఉద్యోగం సంగతి అడిగితే అన్న అబద్ధం చెప్పలేదు. ప్రాజెక్టు రెండేళ్ళు, తర్వాత ఇంకోటి వెతుక్కోవాలి. మధ్యలో ఆరు నెలలు ఖాళీగా కూర్చున్నాడు, పెళ్ళి సంబంధం ఒకటి తప్పిపోయింది. అయినా వచ్చే ఏడు పీహెచ్‌డీకి దరఖాస్తు పెడతానన్నాడు. ఎందుకన్నా అంటే, కొలిచింది నేనయితే రాసేది ఇంకొకరా అన్నాడు. పన్నెండు రూపాయల భోజనం పెట్టించాడు. పచ్చిపులుసు మూడుసార్లు అడిగి వేయించుకున్నాను.

బస్టాండులో ఫోనుకు నాలుగు గీతల సిగ్నల్ వచ్చింది. నాన్నకు చేశాను. ఠాణా సంగతి దాచేద్దామనుకున్నాను, నోరు ఆగలేదు, మొత్తం చెప్పేశాను. మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు ఆయన. తిట్లకు సిద్ధంగా ఉన్నాను. జీతాలెంతో అడుగుతారని కూడా మనసులో లెక్క సిద్ధం చేసుకున్నాను.

"ఆ అమ్మాయి భర్త ఎప్పుడొస్తాడట?" అన్నారు.

నేను అడగలేదు. ఇంటి నిండా చుట్టాల పేర్లు రాసుకున్నాను గానీ ఆ ఒక్కటీ అడగలేదు. అదే చెప్పాను.

"అదేంటి, అదే కదా ముందు అడగాల్సింది?"

"మళ్ళీ వెళ్ళినప్పుడు అడుగుతాను."

"మళ్ళీ వెళ్తావా?"

"వెళ్తాను నాన్నా."

సిగ్నల్ పోయిందనుకుని ఫోను చూశాను. ఉంది.

"అయితే సోమవారం రానని ఆ కాల్ సెంటర్ వాళ్ళకు నువ్వే చెప్పు" అన్నారు. "మర్యాదగా చెప్పు. అరవకు."

సిద్దిపేట మీదుగా హైదరాబాదు పోయే బస్సు స్టార్టయింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, వాళ్ళ నంబరు నొక్కాను. అరవలేదు.